డిస్క్ మొదట్లో

"ఆన్ అవుతుంది. ఆ తర్వాత ఊరికే నల్లగా ఉండిపోతుంది," అంది ఆమె.

అతను కంప్యూటర్ డబ్బా మూత విప్పాడు. వెనక ఒక స్క్రూ లేదని చెయ్యి పెట్టకముందే అనిపించింది. పాత సిస్టమ్‌లన్నీ అలాగే ఏడుస్తాయి.

ఈ ఇంటికి ఎవరు పిలిచారో, ఎలా వచ్చాడో అతను పెద్దగా ఆలోచించలేదు. సిస్టమ్ చెడితే ఎవరో ఒకరు పిలుస్తారు. వెళ్లి బాగు చేస్తాడు. అంతే.

"విండోస్ కాదు, లినక్స్ వేసుంది. ఎవరిది మేడం?"

"మా ఆయనది. కన్నబిడ్డలా చూసుకునేవారు. నన్ను కూడా చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు."

చూసుకునేవారు. మనిషి లేడన్నమాట.

"ఏమైంది?"

"యాక్సిడెంట్. బండి మీద వస్తూ..."

అయ్యో అనాలి. ఆ మాట నోటిదాకా రాలేదు. ఈమధ్య అతనికి ఏదీ తగలడం లేదు. ఒళ్లంతా పత్తిలో చుట్టిపెట్టినట్టుంది. స్క్రీన్ వైపు తిరిగాడు.

"షాపతను మొత్తం తుడిచేసి కొత్తగా వేస్తానన్నాడు," అంది. "నేనే వద్దన్నాను. మా ఫోటోలన్నీ ఇందులోనే ఉన్నాయి."

"తుడవక్కర్లేదు మేడం. బోర్డు ముసలిది. డిస్క్ మొదట్లో ఉన్నదే చదవగలదు. అప్‌డేట్ చేసినప్పుడు సిస్టమ్‌ని లేపే ఫైలు ఎక్కడో దూరంగా పోయి పడింది. మిగతావన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో దీనికి తెలియడం లేదు, అంతే."

ఆమె గబుక్కున మొహం తిప్పుకుంది. ఏడుస్తోందేమో. అతను చూడలేదు.

సీడీ పెట్టి సిస్టమ్‌ని లేపాడు. డిస్క్ మొదట్లో స్వాప్ కోసం, అంటే మెమరీ చాలనప్పుడు వాడుకోవడానికి, వదిలిన కాస్త జాగా ఉంది. దాన్ని తీసేసి, అక్కడ సిస్టమ్‌ని లేపడానికే ఒక చిన్న భాగం, బూట్ పార్టిషన్, చేసి, ఆ ఫైలు తెచ్చి అందులో పెట్టాడు. ఒక్క కమాండ్‌కీ తడుముకోలేదు. వేళ్లు వాటంతటవే పని చేసుకుపోయాయి.

సీడీ తీసేసి మళ్లీ ఆన్ చేశాడు. తెల్లటి అక్షరాలు బిలబిలా పైకి పాకాయి.

"వచ్చేసింది," అన్నాడు. వచ్చినందుకు సంతోషమేమీ కలగలేదు.

ఆమె కుర్చీ దగ్గరికి జరిగింది. "ఆ ఫోటోలు ఒక్కసారి తెరిచి చూడండి. ఒక్కటి చూసినా చాలు."

"కస్టమర్ల ఫోటోలు మేం చూడం మేడం. మీరే చూసుకోండి." స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టి లేచాడు. "ఇక నేను బయల్దేరతాను."

"కాస్త కూర్చోండి. కాఫీ పెడతాను."

కూర్చోమంటే కూర్చున్నాడు. ఆమె వంటింట్లోకి వెళ్లింది. గిన్నెల చప్పుడేమీ వినిపించలేదు. కాసేపటికి ఫోన్‌లో ఆమె గొంతు మెల్లగా వినిపించింది.

"కమాండ్లన్నీ ఉన్నవి ఉన్నట్టు గుర్తున్నాయి డాక్టర్ గారూ, ఆయనకి నేనే ఇంకా గుర్తు రావడం లేదు."