గాలి ఎక్కడ దూరుతోంది

ఇంజన్ దగ్గింది, బండి మొత్తం వణికింది, ఆగిపోయింది. డాష్‌బోర్డు మీద పసుపు దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

"ఏమంటోంది?" అని గరాజ్ గుమ్మంలోంచి అడిగింది జయంతి. ప్రయాణానికి తయారై, బూట్లు కూడా వేసేసుకుంది.

దివాకర్ చేతిలో, బండికి తగిలించిన స్కానర్ వంక చూశాడు. "లీన్ అని కోడ్ చూపిస్తోంది. గాలి ఎక్కువ పోతోంది, పెట్రోలు చాలట్లేదు."

"తేలుతుందా?"

"తేలక ఎక్కడికి పోతుంది."

అలా అన్నాడే గానీ అతని ప్రాణం ఉసూరుమంది. బండి బాగైతే జయంతి వెళ్ళిపోతుంది. సూట్‌కేసులు అప్పుడే వెనక సీటెక్కి కూర్చున్నాయి. రెండ్రోజుల దారి, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో సోమవారం ఉద్యోగంలో చేరాలి. ఇక్కడ క్యారీలో ఈ ఇల్లు అతనికి, కారు ఆమెకు. "కొన్నాళ్ళు విడిగా ఉందాం" అని ఆమె అన్నరోజు ఈ మహానుభావుడు "నీ ఇష్టం" అన్నాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అన్నిటికీ అదే సమాధానం. కర్టెన్ల రంగుకీ నీ ఇష్టమే, కాపురం తెంచుకోవడానికీ నీ ఇష్టమే. అడగందే అమ్మయినా పెట్టదంటారు. వెళ్ళొద్దని ఒక్క మాట అడగడానికి అతనికి నోరు పెగలదు.

యంత్రాల దగ్గరైతే నోరు బాగానే లేస్తుంది. ఈ కారు కొన్న కొత్తలో జయంతిని పక్కన నిలబెట్టి, ఇంజన్ మీది హుడ్ ఎత్తి, ఏ గొట్టం ఎందుకో, ఏది ఊడితే ఏమవుతుందో మధ్యాహ్నమంతా పాఠం చెప్పాడు. పాపం, ఆవలిస్తూనే అంతా విన్నది.

గరాజ్ గోడ మీద ప్రతి పనిముట్టుకూ ఒక మేకు, మేకు చుట్టూ దాని ఆకారం గీసి ఉంటుంది. ఇవాళ ఒకచోట గీత మాత్రమే మిగిలింది. అక్కడుండాల్సిన పసుపుపచ్చ పిడి స్క్రూడ్రైవర్ కోసం పొద్దున్నుంచీ మూలమూలలా వెతికాడు. జయంతినీ అడిగాడు. నీ సామాను సంగతి నాకేం తెలుసంది.

గాలిని కొలిచే సెన్సర్ విప్పి, స్ప్రే కొట్టి, ఆరబెట్టి బిగించాడు. మార్పు లేదు. యాక్సిలరేటర్ తొక్కితే కాస్త తేరుకుంటోంది, వదిలితే కొట్టుకుంటోంది. అంటే సెన్సర్‌కి తెలియకుండా ఎక్కడో దొంగగాలి దూరుతోందన్నమాట. జయంతిని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, కాలు కొంచెం ఆనించి ఉంచమన్నాడు. రబ్బరు గొట్టం ముక్క ఒక కొస చెవికి పెట్టుకుని, రెండో కొస ఇంజన్ చుట్టూ తిప్పుతూ డాక్టరులా విన్నాడు.

ఒకచోట బుస్సుమంది.

లావుపాటి నల్లగొట్టం మొదట్లో ఉండే బిగింపు పట్టీ వదులుగా వేలాడుతోంది. గొట్టాన్ని చేత్తో అదిమాడు. ఇంజన్ కుదుటపడింది. వదిలాడు. మళ్ళీ కొట్టుకుంది.

ఎత్తిన హుడ్ అడ్డం. జయంతికి ఏమీ కనబడదు. దొరకలేదంటే చాలు, ఇవాళ ఆగిపోతుంది. రేపు ఆదివారం, మెకానిక్ షాపులు ఉండవు. ఈలోగా తనకు ఆ ఒక్క మాట అడిగే ధైర్యం రావచ్చు.

"దొరికిందా?" అని కారులోంచి అడిగింది జయంతి. గొంతు వణికింది. ఎంత తొందరగా ఉందో వెళ్ళడానికి, అనుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పోవాలనుకున్న మనిషిని పాడైన బండికి కట్టేసి ఆపడం మర్యాద కాదనిపించింది.

"దొరికింది," అన్నాడు.

ఆమె ఇంజన్ ఆపి, దిగి వచ్చింది. "ఎలా వదులైంది?"

"దానంతట అది వదులవదు. ఎవరో పనిగట్టుకుని తిప్పాలి."

జయంతి అతని మొహంలోకి చూస్తూ నిలబడింది. "ఎవరు తిప్పుంటారంటావ్?"

"ఎవరేంటి, పోయినసారి ఆయిల్ మార్చినోడే. ఫిల్టర్ చూసి సరిగ్గా బిగించి ఉండడు."

"నిన్నటిదాకా బాగానే నడిచింది కదా దివాకర్."

"మెల్లగా వదులవుతుందిలే అవన్నీ."

ఆమె ఇంకాసేపు చూసింది. తర్వాత తల తిప్పుకుని, "శనివారం వంట నీదేగా. ముందు అన్నం పడెయ్, తిని వెళ్తాను" అంది.

"ముందు బండి. లేటైతే రాత్రికి ఆగే చోటు చేరేలోపే చీకటి పడుతుంది నీకు."

స్క్రూడ్రైవర్ లేదు కాబట్టి వంటింట్లోంచి వెన్న రాసే కత్తి తెచ్చి, దాని కొసతో మరను తిప్పి పట్టీ బిగించాడు. స్కానర్‌తో కోడ్ చెరిపేశాడు. పసుపు దీపం ఆరిపోయింది. ఇంజన్ ఒకే తీరున, మెత్తగా తిరిగింది. పని చక్కగా కుదిరినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"మరి వెళ్ళనా?" అంది జయంతి, డోర్ మీద చెయ్యి వేసి.

"నీ ఇష్టం," అన్నాడు.

ఆమె నల్లకళ్ళద్దాలు పెట్టుకుంది. కారు ఒక్క వణుకూ లేకుండా వీధి మలుపు తిరిగిపోయింది.

దివాకర్ చాలాసేపు ఖాళీ గరాజ్‌లో నిలబడ్డాడు. తన చేతులతో తనే పంపించేశానని కుమిలిపోయాడు. ఏం చెయ్యాలో తోచక వంటింట్లోకి వెళ్ళాడు. ఆకలి లేదు, అలవాటు లాక్కెళ్ళింది. బియ్యం డబ్బా మూత తీసి గ్లాసు ముంచాడు. ఏదో గట్టిగా తగిలి ఖంగుమంది. గింజలు పక్కకు తోశాడు.

బియ్యంలో పసుపుపచ్చ పిడి స్క్రూడ్రైవర్ ఉంది.