బిగుతు చొక్కా

"ఇంకొక్క గుక్క," అంది భార్య, జావ గ్లాసు నోటికి అందిస్తూ.

"నా వల్ల కాదే. తిరిగొచ్చేస్తుంది," అన్నాడు దర్జీ కడుపు పట్టుకుని. "ఎంత తాగినా ఒంటికి పట్టనప్పుడు ఎందుకీ బాధ?"

పేగు ఆపరేషనయ్యాక నెల రోజులుగా అతనికి అన్నీ తాగడమే, నమిలేదేమీ లేదు. పాలు పడవు, తీపి పడదు. చిక్కగా ఇస్తే కక్కుతాడు, పల్చగా ఇస్తే నీరసపడతాడు. మూడు కిలోలు పెరిగితేగానీ రెండో ఆపరేషన్ చెయ్యనని డాక్టరు తెగేసి చెప్పాడు.

"పట్టకపోవడమేంటి? ఇది తొడుక్కోండి." ఇస్త్రీ చొక్కా తొడిగి గుండీలు పెట్టింది. "చూశారా, పోయిన వారం వేలాడిన చొక్కా ఇవాళ ఎంత బిగుతుగా ఉందో! ఒళ్ళు చేశారు."

అతను చంక కింద కుట్టు వెంబడి బొటనవేలిని నెమ్మదిగా నడిపాడు. ముప్పై ఏళ్ళుగా కత్తెర పట్టిన వేలది. ఆమెకు మిషను కుట్టడం నేర్పింది కూడా అతనే.

ఆమె గబగబా అతని కాలరు సర్దబోయింది.

"అవునే, కాస్త ఒళ్ళు చేసినట్టే ఉన్నాను," అన్నాడు. "ఏదీ, ఆ గ్లాసు ఇలా ఇవ్వు."

కళ్ళు గట్టిగా మూసుకుని చివరిదాకా తాగాడు. ఆమె హమ్మయ్య అనుకుంటూ ఖాళీ గ్లాసు అందుకుంది.

"ఈసారి పక్కలు లోపలికి పట్టి కుట్టేటప్పుడు," అన్నాడతను, ఆమె వంక చూడకుండా, "చంక దగ్గర అరంగుళం వదిలెయ్. చెయ్యి లేవట్లేదు."