చూపించే కుక్కా, తెచ్చే కుక్కా?

"చూపించే కుక్క కావాలో, తెచ్చే కుక్క కావాలో తేల్చుకోండి బావగారూ! మిగిలినదాన్ని సాయంత్రానికల్లా వెనక్కిచ్చెయ్యాలి" అన్నాడు రాజేంద్రప్రసాద్, కారు వెనక తలుపు తీస్తూ.

రెండు కుక్కలు రొయ్యల చెరువు గట్టు మీదికి దూకాయి. ఒకటి పాయింటర్. తెల్లటి ఒంటి మీద గోధుమరంగు మచ్చలు, సన్నటి పొడుగు కాళ్ళు. రెండోది లాబ్రడార్. నల్లగా, బొద్దుగా ఉంది. దిగీ దిగగానే బుచ్చిరాజుగారు గట్టు మీద విప్పిన చెప్పును నోట కరుచుకుని ఆయనకే తెచ్చిచ్చింది.

పుట్టినరోజుకి బావగారికి వేటకుక్కను కొనిపెట్టాలని రాజేంద్రప్రసాద్ ముచ్చట.

"పాయింటరైతే పిట్ట ఎక్కడుందో పసిగట్టి, ముందుకాలు పైకెత్తి బొమ్మలా నిలబడిపోతుందండి. కొట్టుకోవడం మీ వంతు. లాబ్రడార్ అలా కాదు. మీరు కొట్టి పడేసిన పిట్ట ఏ తుప్పలో ఉన్నా వెతికి, పంటిగాటు పడకుండా తెచ్చి చేతికిస్తుంది. వారం వారం పిట్టను కొట్టే మీలాంటివారికి తెచ్చే కుక్కే ఉండాలి."

బుచ్చిరాజుగారు చంకలో ఎయిర్‌గన్ సర్దుకుని, చెరువు కాపలా అంజిబాబు వైపు తిరిగారు. "నువ్వేమంటావురా అంజీ?"

అంజిబాబు గభాల్న అందుకున్నాడు. "పాయింటరేనండి రాజుగారూ! తేవడానికి నేను లేనాండీ?"

"ఆ ముళ్ళల్లో పడి వెతికే బాధ నీకు తప్పుతుంది కదయ్యా" అన్నాడు రాజేంద్రప్రసాద్.

"నాకలవాటేనండి, ఆయ్."

అంజిబాబు భయం అతనిది. బుచ్చిరాజుగారి తుపాకీకి ఏనాడూ ఏ పిట్టా పడలేదు. ఆదివారం వచ్చిందంటే వట్టి చేతులతో ఇంటికొచ్చి, కంచంలో అన్నం కెలుకుతూ కూర్చునేవారు. చూడలేక ఆయన భార్య మంగాయమ్మగారు ఒకరోజు అంజిబాబును పెరటి గుమ్మంలోకి పిలిచారు.

"అడవిపిట్టని నిజంగా కొడితే కేసు, కొట్టలేకపోతే ఈయనకి బెంగ. మధ్యలో నేను చస్తున్నాను. ముమ్మిడివరంలో ఫారం కౌజుపిట్టలు అమ్ముతున్నారుట. ఈకలు తియ్యకుండా ఒకటి పట్రా."

అప్పట్నించీ శనివారం కొన్న పిట్ట ఆ రాత్రి ఫ్రిజ్జులో ఐసు అరలో పడుకుంటుంది. ఆదివారం పొద్దున్న అంజిబాబు లుంగీ మడతలోకి చేరుతుంది. రాజుగారు పేల్చగానే అతను గడ్డిలోకి పరుగెత్తి, కాసేపు వెతికినట్టు వెతికి, "పడిందండోయ్!" అని కేకేసి దాన్ని పైకెత్తి చూపిస్తాడు. ఇప్పుడు తెచ్చే కుక్క వస్తే బావమరిది ముందు రాజుగారి పరువూ, అమ్మగారి ముందు తన మాటా రెండూ గోదాట్లో కలిసినట్టే.

"ముందు మీ పాయింటర్నే చూద్దాం" అన్నారు బుచ్చిరాజుగారు.

అంజిబాబు ఊపిరి పీల్చుకున్నాడు. పాయింటర్ గాలిని వాసన చూసింది. గట్టంతా రెండు చుట్లు తిరిగింది. ఉన్నట్టుండి ఆగి, ముందుకాలు ఎత్తి, తోక బిగించి, బొమ్మలా నిలబడిపోయింది. సరిగ్గా అంజిబాబు ఎదురుగా. దాని ముక్కు అతని నడుము వైపే ఉంది.

"ఇదేమిటి, మనిషిని చూపిస్తోంది?" అన్నాడు రాజేంద్రప్రసాద్.

"పొద్దున్న కోడికూరతో చద్దన్నం తిన్నానండి. ఆ వాసనండి" అంటూ అంజిబాబు పక్కకు జరిగాడు. కుక్క ముక్కు కూడా జరిగింది.

అతను వెనక్కి వెనక్కి నడిచి గడ్డిలో కాలు పెట్టేసరికి నాలుగు పిట్టలు బుర్రున లేచాయి. బుచ్చిరాజుగారు తుపాకీ ఎత్తి టప్పున పేల్చారు. పిట్టలు నాలుగూ కొబ్బరితోట దాటి వెళ్ళిపోయాయి.

"పడిందండోయ్!" అంటూ అంజిబాబు గడ్డిలోకి దూకాడు.

"ఆగవయ్యా! ఇప్పుడు దీని పని చూడాలి" అని రాజేంద్రప్రసాద్ లాబ్రడార్ గొలుసు వదిలేశాడు.

గడ్డి అటూ ఇటూ ఊగింది. "వదులు! వదలవే తల్లీ!" అని లోపల్నించి అంజిబాబు బతిమాలడం వినపడింది. కాసేపటికి లాబ్రడార్ తోక ఊపుకుంటూ బయటికొచ్చింది, నోట్లో పిట్టతో. దాని వెనక సగం ఊడిన లుంగీ పట్టుకుని అంజిబాబు.

రాజేంద్రప్రసాద్ మురిసిపోతూ పిట్టను అందుకున్నాడు. మరుక్షణం మొహం అదోలా పెట్టాడు.

"ఇదేమిటి బావగారూ! ఇప్పుడే కొట్టిన పిట్ట ఇంత చల్లగా ఉందేమిటి? రెక్క కింద ఐసు కూడా ఉంది!"

"తుపాకీ చప్పుడుకి ఒళ్ళు చల్లబడిపోయుంటుందండి" అన్నాడు అంజిబాబు, ఏడుపు గొంతుతో.

బుచ్చిరాజుగారు పిట్టను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూశారు. అంజిబాబు కళ్ళు మూసుకున్నాడు.

"అంతేనయ్యా. నా దెబ్బ అలాంటిది" అన్నారాయన. "రెండు కుక్కల్నీ వెనక్కి తీసుకుపో. నాకు చూపించేదీ వద్దు, తెచ్చేదీ వద్దు. మా అంజిబాబున్నాడు."

బావమరిది గొణుక్కుంటూ కుక్కల్ని కారెక్కించడానికి వెళ్ళాడు. అతను కాస్త దూరం వెళ్ళగానే అంజిబాబు రాజుగారి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"తప్పయిపోయిందండి! మా అమ్మగారు..."

"లే, లే. మీ అమ్మగారే కొనిపిస్తున్నారు. నాకు తెలుసు."

"ఎప్పట్నించండీ?"

"మొదటి పిట్ట తెచ్చిన రోజునించీ."

అంజిబాబు నోరు తెరిచాడు. "ఎలా కనిపెట్టేరండీ?"

బుచ్చిరాజుగారు కారు వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించారు.

"మనకెందుకొచ్చిన పాపమని గుళ్ళన్నీ కాలవలో పారబోసొచ్చిన ఆదివారమేరా, నా తుపాకీకి మొట్టమొదటి పిట్ట పడింది!"