ఉత్త డబ్బా

భూమ్మీదికి ప్రాణం తోకచుక్కల ధూళితోనే దిగిందని తేలి ముప్పై ఏళ్లయింది. ఆ ధూళిని తెచ్చే డబ్బాలను భీమిలి షెడ్డులో కడిగి, మళ్లీ తోకచుక్క మీదికి పంపడానికి సిద్ధం చేయడం నూకరత్నం పని.

ఆ రోజు తనిఖీలో ఒక డబ్బా అడుగున చెంచాడు పెరుగు కనబడింది. సూపర్‌వైజరు అప్పలకొండ హడలిపోయాడు.

“ఇదేటి పిన్నీ! నీ ఉజ్జోగం ఊడిపోద్ది!”

“మనకింత ప్రాణం ఇచ్చినోళ్లకి ఉత్త డబ్బా పంపడమేటి బాబూ? తప్పు కాదా?”

“ఈ పెరుగులో కంటికి కనబడని పురుగులు అక్కడ బతికి పెరిగిపోతే?”

నూకరత్నం కొంగుతో చేతులు తుడుచుకుంటూ నవ్వింది. “ఆ చుక్క మీంచి మనకి తోడు పంపిన తల్లి ఇలాగే బయపడుంటే, నువ్వూ నేనూ ఉండేవోళ్లమేటి?”

అప్పలకొండ తన క్యారేజీ విప్పి, ఇంకో చెంచాడు పెరుగు వేసి మూత బిగించాడు.