నది దాటిన శుక్రవారాలు

“ఒరెగాన్ పన్ను లెక్కలో శుక్రవారాలు కూడా ఎందుకు కలిపావు?” డార్లా లాప్‌టాప్‌ని మొగుడి వైపు తిప్పింది.

“నా పన్ను, నా ఇష్టం,” అన్నాడు రస్సెల్. “నీ లెక్కల పాండిత్యం ఎవరడిగారు?”

“శుక్రవారం మీ ఆఫీసు తాళమే తియ్యరు. ఇంట్లో కూర్చునేగా నీ పని. మన వాషింగ్టన్ రాష్ట్రంలో చేసిన పనికి ఒరెగాన్ వాళ్ళకి పన్నెందుకు? నది దాటి పోర్ట్‌లాండ్ ఆఫీసుకి వెళ్ళిన రోజులకి కడితే చాలు.”

“కట్టేస్తే గొడవ వదిలిపోతుంది.”

“టూత్‌పేస్టు మీద అమ్మకం పన్ను తప్పుతుందని వంతెన దాటి కొనుక్కొస్తావు. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషివి, వాళ్ళ దగ్గర దానకర్ణుడివయ్యావా? జరుగు, నేను తీసేస్తాను.”

రస్సెల్ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

“ముట్టుకున్నావంటే బాగుండదు. తనిఖీకొస్తే నా ఫోను ఏ రోజు ఎక్కడుందో లాగుతారు. కింద సంతకం నాది. అబద్ధమని తేలితే జైలుకెళ్ళేది నేను.”

“ఇంట్లో ఉన్నవాడివి ఇంట్లో ఉన్నానని రాస్తే అబద్ధం ఎలా అవుతుంది?”

రస్సెల్ ఆమె మణికట్టు వదిలేశాడు.

తను హాస్పిటల్ డ్యూటీకి బయల్దేరే ప్రతి శుక్రవారం అతను ఇదే బల్ల దగ్గర, ఇంటి చెప్పులతో, కాఫీ చప్పరిస్తూ చెయ్యి ఊపడం డార్లాకి గుర్తొచ్చింది.

“నేను వెళ్ళాక పోర్ట్‌లాండ్‌లో ఎవరింట్లో కూర్చుని చేశావు ఆ పని?”

అతను తెర మూసెయ్యబోయాడు.

డార్లా లాప్‌టాప్‌ని అతని ముందుకే నెట్టింది.

“శుక్రవారాలు అలాగే ఉంచు. ఒరెగాన్‌కైనా నిజం చెప్పావు.”