ఎనిమిది బై పది

స్క్రీను మీద అయిదుగురు నవ్వుతున్నారు. నాన్న, తమ్ముడు, చెల్లెలు, అమ్మ, కుడివైపు చివర ఆమె.

అమ్మ చెయ్యి ఆమె భుజం మీద ఉంది.

ఫోటో స్టూడియోలో ఆమెది ప్రింట్లు తీసే పని. తమ్ముడు స్టూలు లాక్కుని పక్కనే కూర్చున్నాడు. రేపు వాడికి పిల్లనిచ్చేవాళ్ళు ఇల్లు చూడటానికి వస్తున్నారు. హాల్లో గోడ బోసిగా ఉందట.

"ఒరిజినల్ ఫైలే తెచ్చి మంచి పని చేశావురా. ఫోన్లో పంపించి ఉంటే నలిగిపోయి వచ్చేది. దీన్ని గోడంత చేసినా మొహాలు చెదరవు."

"ఎనిమిది బై పది చాలక్కా."

"దానికి వెడల్పు చాలదురా, ఓ పక్క తెగిపోతుంది. ఎనిమిది బై పన్నెండు పెడతాను. అందరం పడతాం."

"ఫ్రేము కొనేశాను."

"అయితే పైనా కిందా తెల్ల అంచు వదులుతాను."

"అంచొద్దు."

ఆమె క్రాప్ గడిని ఫోటో మీదికి లాగింది. కుడికి జరిపితే నాన్న తెగిపోతున్నాడు. ఎడమకి జరిపితే తను.

"అక్కడ ఆపు," అన్నాడు తమ్ముడు.

మౌస్ మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆ చేతి మీద బొల్లి మచ్చ మణికట్టు దాటి పైకి పాకింది. మొహం మీదికి వచ్చి రెండేళ్ళయింది.

"మచ్చలు కనపడకుండా చేస్తానురా. రోజూ ఎంతమందికి చెయ్యట్లేదు? చిటికెలో పని."

"ఫోటోలో చేస్తావు. రేపు వాళ్ళ ఎదురుగా వచ్చి నిలబడితే?"

ఆమె మౌస్ మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"మా ఇంట్లో అలాంటివేం లేవని నాన్న చెప్పేశాడక్కా. పిల్లలం ఇద్దరమే అన్నాం. రేపు వాళ్ళు వెళ్ళేదాకా నువ్వు ఇంటికి రాకు. పెళ్ళప్పుడు సంగతి పెళ్ళప్పుడు చూద్దాం."

"అమ్మకి తెలుసా?"

"నీకు చెప్పమంది అమ్మే."

ఆమె ఎంటర్ నొక్కింది.

నలుగురు మిగిలారు.

అమ్మ చెయ్యి మాత్రం పక్కకి సాగి, మణికట్టు దగ్గర తెగిపోయింది.

తమ్ముడు స్క్రీను మీదికి వంగి చూశాడు.

"ఈ చెయ్యేంటని అడుగుతారేమో. దాన్ని కూడా తీసెయ్."

వెనకున్న గోడ రంగు తీసుకుని ఆమె ఆ చేతిని కొద్దికొద్దిగా చెరిపింది. ముందు మణికట్టు. తర్వాత మోచెయ్యి. మోచేతి దగ్గర రంగు కలవక మొండిగా కనపడితే, చెరిపింది వెనక్కి తెచ్చుకుని మళ్ళీ మొదటినుంచీ చేసింది.

"మ్యాటా, గ్లాసీయా?"

"ఏది బాగుంటే అది."

"మ్యాట్ తీసుకో. వేలిముద్రలు పడవు."

మెషీన్లోంచి ప్రింటు వెచ్చగా బయటికొచ్చింది. తమ్ముడు దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని మురిసిపోయాడు.

"నీ పనితనమే వేరక్కా!"

వాడు వెళ్ళిన గంటకి అమ్మ ఫోను చేసింది. వెనక హాల్లో మేకు కొడుతున్న చప్పుడు వినపడుతోంది.

"చూశానే, ఎంత బాగా వచ్చిందో! అందరం చక్కగా ఇమిడిపోయాం."

సుత్తి దెబ్బలు ఆగాయి.

"పేపరు మంచిదమ్మా," అంది.