చివరి పొద

ముళ్లపొదలు పెరికే మిషను పళ్లకూ మామ ఛాతీకీ మధ్య జానెడే దూరం. అల్లుడు లివరు వెనక్కి లాగి పట్టుకున్నాడు.

"అడ్డం లేవండి మామయ్యా. జింకల గడ్డిని మింగేసిన కంపంతా పెరికేశాం. మిగిలింది ఈ ఒక్క పొదే. వాన పడిందంటే మిషను దిగబడిపోతుంది."

ముప్పై ఏళ్లుగా ఆ జింకల మైదానానికి కాపలా ఉన్న మామ కదల్లేదు. "లోపల జింకపిల్ల ఉంది. ఆపు."

చప్పుడుకి జింకపిల్ల పారిపోదు, నేలని కరుచుకుని పడుకుంటుంది. అది అల్లుడికీ తెలుసు. మిషను ఆపి, ముళ్లు గీరుకుపోతున్నా పొట్ట మీద పాకుతూ పొదలోకి దూరాడు.

పిల్లా లేదు, ఏమీ లేదు. మొదలు చుట్టూ మాత్రం, పూలమొక్కకి పేర్చినట్టు, పాత ఇటుకలు వరసగా ఉన్నాయి.

బయటికొచ్చేసరికి తొలి చినుకు పడింది. "అబద్ధమెందుకాడారు? ఈ దరిద్రం మీద అంత ప్రేమేంటి మీకు?"

మామ తల వంచుకుని, పొద వెనక దాచిన గడ్డపార తీశాడు.

"పూలు బాగున్నాయని మొదటి కొమ్మ తెచ్చి ఇక్కడ నాటింది నేనే. నువ్వు పెరికిన కంపంతా దీని పిల్లలే. దీన్నొక్కదాన్నీ నా చేత్తో పీకనివ్వు."